వెన్నలో వేసిన ఆరు పూసలు

అల్గానెష్ చేతిలో ముడిరాయి పెడితే ముందు దాన్ని చెంపకు ఆనించుకుంటుంది. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టు, ఇంకా సానకు పనికిరానట్టు. దెలంతా అనే ఆ కొండగట్టుమీద చెంపతో రాయిని చూసే మనిషి ఆమె ఒక్కతే. తక్కినవాళ్ళంతా నాలుకకు ఆనిస్తారు, బాగా ఆరిన ఓపల్ రత్నం నాలుకను పట్టుకుంటుంది కాబట్టి. అదేమిటమ్మా అని అడిగితే, ఎవరెవరి బురదకాళ్ళ కింద దొర్లి వచ్చిందో తెలియని రాయిని నాకే ఖర్మ తనకు లేదంటుంది.

ఊళ్ళో మగవాళ్ళు గట్టు అంచు నుంచి తాళ్ళు పట్టుకుని దిగి, నిలువుగా ఉన్న కొండ చరియలోకి సొరంగాలు తవ్వుతారు. గోధుమరంగు మట్టి తొడుగులో వెల్లుల్లిగడ్డల్లాంటి రాళ్ళు దొరుకుతాయి. పెంకు పగలగొడితే పదింటిలో తొమ్మిది వట్టివి. పదోదానిలో నిప్పు ఉంటుంది. నిప్పు అంటే రంగులు. రాయిని తిప్పితే ఎరుపు పచ్చగా, పచ్చ నీలంగా పరుగెత్తే ఆ మెరుపు. ముడిరాళ్ళు పట్నం వర్తకులు పట్టుకుపోతారు. చిన్నవీ, విరిగినవీ అల్గానెష్ దగ్గరకు వస్తాయి. ఆవిడ పన్నెండేళ్ళ కిందట పట్నంలో ఆరు వారాలు ఉండి పూసల పని నేర్చుకుని వచ్చింది. పాత సైకిలు పెడల్‌తో తిరిగే సాన ఒకటి, సూదిమొన డ్రిల్లు ఒకటి, పైనుంచి చుక్కచుక్కగా నీళ్ళు కారే డబ్బా ఒకటి. వాటితోనే భర్త లేని ఇంటిని నడిపింది, ఒక్క కొడుకును పెంచింది.

ఒక సంగతి మాత్రం ముందే చెప్పుకోవాలి. ఆ ఊళ్ళో ఓపల్ ఎవరూ వేసుకోరు. తవ్వుతారు, కడుగుతారు, ఏరతారు, పంపేస్తారు. మెడలో బాప్తిస్మంనాడు కట్టిన దారం, దానికి చిన్న చెక్క సిలువ, అంతే. అందుకే రాయి కొండలోంచి ఎలా వస్తుందో అక్కడ పిల్లలకు కూడా తెలుసు గానీ, మనిషి ఒంటిమీదికి ఎక్కాక దానికి ఏమవుతుందో పెద్దవాళ్ళకు కూడా తెలియదు.

తెలియకపోయినా అల్గానెష్ నోటికి తాళం పడేది కాదు. వానవిల్లును అక్కడ మరియమ్మ నడికట్టు అంటారు. జలప్రళయం తీశాక మరియమ్మ తన నడికట్టును గట్టు అంచున ఆరేసుకుందనీ, పిడుగుపడి అది చీలికలై కొండలో దిగిపోయిందనీ, ఇప్పుడు దొరికే రాళ్ళన్నీ ఆ పేలికలేననీ ఆవిడ చెప్పేది. పక్కింటి తోయిబా ముస్లిం. ఇద్దరిదీ ఒకే పెరడు, ఒకే కాఫీ కుండ. తోయిబా ఊరుకునేది కాదు.

"ప్రళయం నోవహు కాలంలో కదే. అప్పటికి మరియమ్మ పుట్టనే లేదు."

"నడికట్టు ఆరేసుకోడానికి పుట్టాలా ఏంటి. నువ్వు కాఫీ పొయ్యి."

ఇంకో కథ కూడా ఉంది ఆవిడ దగ్గర. అది మాత్రం ఎవరి దగ్గరా విన్నది కాదు. ఒకసారి దెస్సీ పట్నం నుంచి ఒక వర్తకుడి భార్య తను కొన్న పూసల దండను తిరిగి తెచ్చి, ముఖాన పడేసినట్టుగా ముందు పడేసింది. పూసలన్నీ మసకబారి, నిప్పు పోయి, పాతగోడ సున్నంలా ఉన్నాయి. నాసిపని అంది. తన పనికి వంక పెట్టేసరికి అల్గానెష్‌కు ఒళ్ళు మండింది. నింపాదిగా ఆ దండను చేతిలోకి తీసుకుని, "రాయిలో తప్పు లేదమ్మా. మెడలో ఉన్న మనిషికి ఏదో రాబోతుంటే ముందు రాయిలో నిప్పు పోతుంది. నీకు ముందే చెప్పింది, సంతోషించు" అంది. ఆవిడ పాలిపోయిన ముఖంతో బస్సెక్కింది. ఆ రోజు పెరట్లో నవ్వులే నవ్వులు. తరవాత ఆ కథ బాగుందని తోచి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పింది. చెప్పగా చెప్పగా ఊళ్ళో అది పెద్దలనాటి మాట అయిపోయింది. ఆ దెస్సీ ఆవిడను తలకు ఏం రాసుకుంటావమ్మా అని ఒక్క ప్రశ్న అడగాలని ఆ పూట అల్గానెష్‌కు తోచలేదు.

కొడుకు పేరు తదేలె. ఇరవైమూడేళ్ళవాడు. తల్లి నోరు రాలేదు, తల్లి ముక్కు మాత్రం వచ్చింది. భార్య బిర్కెకు మూడో నెల అని తెలిసిన వారంలోనే వాడికి ఆ రాయి దొరికింది. కోడిగుడ్డంత ఉంది. పెంకు తీస్తే లోపల బొగ్గుల కుంపటిలా ఎరుపు, అంచుల్లో పచ్చ. వర్తకులు ఇంటి చుట్టూ తిరిగారు. వాడు ఇవ్వలేదు. తల్లి ఒళ్ళో పెట్టి, పుట్టే బిడ్డ బాప్తిస్మపు దారానికి పూసలు చెయ్యమన్నాడు. ఊళ్ళో ఎవరూ కట్టరే, నవ్వుతారు కదరా అంది. నడికట్టు కథ చెప్పి ఊరందరినీ నమ్మించావు, ఇంటి బిడ్డకు కట్టడానికి సిగ్గా అన్నాడు. ఆ మాటకు ఆవిడ లొంగిపోయింది.

కొండలోంచి వచ్చిన రాయి గాలి తగిలితే పగులుతుంది. తొందరపడకుండా ఎండు మసూరుపప్పు కుండలో పూడ్చిపెట్టి ఆరు నెలలు ఆరనిచ్చింది. వానాకాలం చివర తీసి చూసింది. పగలలేదు. చెంపకు వెచ్చగానే తగిలింది. వెలుతురుకు పెట్టి, గీతలు ఎక్కడున్నాయో చూసి, బొగ్గుముక్కతో గుర్తులు పెట్టింది.

"ఆరొస్తాయిరా. ఏడోదానికి చోటు లేదు, ఇక్కడ ఇసుక పాయ ఉంది."

"ఏడు కావాలమ్మా. నడికట్టుకు ఏడు రంగులంటావు, ఆరేంటి."

"అయితే వెళ్ళి ఇంకోటి తే. శనగగింజంత చాలు."

ఏదో మాటవరసకు అన్న మాట. వానలకు మట్టి నాని ఉంటుందని మెస్కెల్ అనే సిలువ పండుగకు మంట వేసేదాకా అక్కడ ఎవరూ సొరంగంలోకి దిగరు. అది పెద్దల కట్టడి. పండుగకు ఇంకా ఆరు రోజులుంది. తదేలె మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా తాడు భుజాన వేసుకుని వెళ్ళాడు. శనగగింజంత రాయి కోసం గనక, ఎంతసేపు పడుతుందిలే అనుకుని ఉంటాడు.

మధ్యాహ్నం చరియ జారిన చప్పుడు బార్లీ చేలలో ఉన్నవాళ్ళందరూ విన్నారు. సొరంగం నోరు ఎక్కడుండేదో గుర్తుపట్టడానికే సగం పూట పట్టింది. మూడు రోజులు తవ్వారు, క్రైస్తవులూ ముస్లింలూ ఒకే తాడు పట్టుకుని. అల్గానెష్ గట్టు అంచున కూర్చుని, వాడికి గాలి ఆడే సందు ఉండే ఉంటుందని, వాడు సన్నటివాడని, ఎంత చోటైనా సరిపోతాడని, వచ్చినవాళ్ళందరికీ చెప్తూనే ఉంది. నాలుగో రోజు పైనున్న బండ కూడా కదలడం మొదలుపెట్టింది. పెద్దలు తాళ్ళు పైకి లాగించేశారు. ఇంకో ముగ్గురిని బలి ఇవ్వలేమన్నారు. ఆవిడ వాళ్ళ కాళ్ళు పట్టుకుంది. వాళ్ళూ ఏడ్చారు గానీ తాళ్ళు మళ్ళీ దించలేదు.

శవం లేదు. మంచంమీద వాడి దుప్పటి, కర్ర, తలకు కట్టుకునే దీపం పరిచి ఏడ్చారు. ఏడో పూస సంగతి అల్గానెష్ ఎవరికీ చెప్పలేదు. ఎందుకు దిగాడో ఎవరికీ అంతుపట్టలేదని ఊరంతా అనుకుంటుంటే తల వంచుకుని విన్నది.

పన్నెండు రోజులకు బిర్కెకు ఆడపిల్ల పుట్టింది. ఆడపిల్లకు ఎనభయ్యోనాడు బాప్తిస్మం. ఆ ఎనభై రోజులూ అల్గానెష్ ఎలా బతికిందంటే, ఆ రాయిని పట్టుకుని బతికింది. వాడు చేతికిచ్చిన పని అదొక్కటే మిగిలింది. వాడి తండ్రితనమంతా ఆ కోడిగుడ్డంత రాయిలోనే ఉంది. అది బిడ్డ మెడకు చేరితే వాడు ఇంటికి చేరినట్టే. రోజుకు కాస్త కాస్తగా సానపట్టింది. పెడల్ తొక్కుతూ ఊపిరి బిగపట్టేది. బెజ్జం వేసేటప్పుడు చాలా పూసలు పోతాయి. ఆరింటికి ఆరూ నిలిచాయి. ఎండలో పెడితే చేతిలో ఆరు నిప్పుకణికలు పెట్టుకున్నట్టుంది. తోయిబా చూసి, మొదటిసారి ఏ వేళాకోళమూ ఆడకుండా, ఒకటి చాలాసేపు పట్టుకుని ఇచ్చేసింది.

అరవయ్యో రోజు దాటాక పొడిగాలి మొదలైంది. పెదవులు పగిలాయి, కాళ్ళు పగిలాయి. తోయిబా ఇంటి గూట్లో దాచిన మంచి ముడిరాయి ఒకటి అడ్డంగా రెండు ముక్కలైంది. అల్గానెష్‌కు నిద్ర కరువైంది. పూసలను తడిగుడ్డలో చుట్టిపెట్టొచ్చు, కానీ తడి తగిలితే ఓపల్ నీళ్ళు తాగి అద్దంలా తేలిపోతుంది, రంగులన్నీ మాయమవుతాయి. కొత్తవాళ్ళు చూస్తే గుండె బాదుకుంటారు. రెండు మూడు రోజులు నీడన ఆరనిస్తే ఒక్కొక్క రంగే మళ్ళీ తిరిగి వస్తుంది. దానికి ఆవిడ ఎప్పుడూ చెప్పే మాట ఒకటి ఉంది: తాగిన మొగుడు, మత్తు దిగాక ఇంటికి రాక ఎక్కడికి పోతాడు. అయినా బాప్తిస్మంనాడు పూసలు తడి మీద ఉండకూడదు.

ఇంట్లో ఎటుచూసినా వెన్నే. బాలింత తలకు వెన్న, బిడ్డ ఒంటికి వెన్న, నాలుక మీద చుక్క వెన్న. ఎండిన తోలుసంచికి వెన్న రాస్తే మెత్తబడుతుంది, పగిలిన మడమకు రాస్తే కూడుకుంటుంది. ఈ లోకంలో ఎండి పగలబోయే దేనికైనా ఆవిడ చెయ్యి వెతుక్కుని పోయేది ఆ గిన్నెలోకే. ఆరు పూసలనూ దారానికి గుచ్చి, మంచి వాసన ఆకులు వేసి కాచిన వెన్నగిన్నెలో ముంచి, గిన్నె మీద మూత పెట్టింది. వారం రోజులు ఎంతో మంచిపని చేశానని కడుపునిండా తిన్నది.

తీసేసరికి పూసలు అద్దంలా ఉన్నాయి. ఆవిడ బెదరలేదు. తాగాయి, దిగుతుంది అనుకుంది. తుడిచి నీడన పెట్టింది.

మూడు రోజులయ్యింది. రాలేదు. వెన్న చిక్కన కదా, నీళ్ళకన్నా ఆలస్యమవుతుంది అనుకుంది. అయిదు రోజులయ్యింది. అద్దం రంగు పోయి, నిలవున్న టీ నీళ్ళ రంగు వచ్చింది. పొద్దున లేవగానే చూసేది, పొయ్యి వెలిగించి చూసేది, చెంపకు ఆనించి చూసేది. పూసలు చల్లగా లేవు, వెచ్చగా లేవు.

"పోనీ వదినా, సబ్బాకు రసంలో ఉడకబెడితే?" అంది తోయిబా. ఎప్పుడూ ఒసే అని పిలిచేది, వదినా అన్నప్పుడే తోయిబాకు కూడా ఆశ పోయిందని అల్గానెష్‌కు అర్థమైంది.

సబ్బాకుతో కడిగింది. బూడిదలో కప్పిపెట్టింది. తెఫ్ గింజల పిండి పీల్చుకుంటుందని పిండిలో పూడ్చింది. గోరువెచ్చని ఇసుకలో పెడితే ఒక పూస చిటుక్కుమని రెండైంది. అప్పుడు అయిదు మిగిలాయి. ఇక సాన ముందు కూర్చుంది. వెన్న పైపొరలోనే ఉండి ఉంటుంది, పైపొర తీసేస్తే లోపల వాడి నిప్పు అలాగే ఉంటుంది. ఉండకుండా ఎక్కడికి పోతుంది. మొదటి పూస శనగగింజ నుంచి పెసరగింజయింది, ఆవగింజయింది, వేలికి తగలకుండా పోయింది. లోపలికి వెళ్ళినకొద్దీ అదే టీ రంగు. రెండోది, మూడోది. నాలుగోది బెజ్జం దగ్గర విచ్చుకుపోయింది. సాన కింది గిన్నెలో నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. ఆ నీళ్ళను పారబొయ్యబుద్ధి కాక కుండలో పోసి గూట్లో పెట్టింది. గట్టుమీద మూడు రోజులు కూర్చున్నట్టే ఈ సాన ముందు కూర్చుంది. ఇక్కడ తాళ్ళు లాగేసే పెద్దలు కూడా లేరు. ఆఖరి పూస చక్రానికి ఆనించబోయి ఆగి, దాన్ని పైగుడ్డ అంచున ముడివేసుకుంది.

బాప్తిస్మానికి నాలుగు రోజులుందనగా బిర్కె అడిగింది. బిడ్డకు పాలిస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"పూసలు గుచ్చేశారా అత్తయ్యా? ఒకసారి చూపించండి."

"అయ్యగారు కట్టేటప్పుడు చూద్దువుగానిలే."

"ఇప్పుడు చూస్తాను."

ముడి విప్పి అరచేతిలో పెట్టింది. బిర్కె దాన్ని కిటికీ వైపు తిప్పి చూసింది, మళ్ళీ తిప్పింది. మిగతావి ఏవని అడిగితే అరిగిపోయాయని చెప్పింది అల్గానెష్. వెన్నలో తనే వేశానని, పగలకూడదనే వేశానని, తెలియక చేశానని ఉన్నదున్నట్టు చెప్పేసింది. బిర్కె వినలేదు. ఆ పూసనే చూస్తోంది.

"నిప్పు పోయింది కదా ఇందులో."

"వెన్న తల్లీ. వెన్న వల్ల."

"నిప్పు పోతే ఏమవుతుందో మీరే చెప్పేవారు. నేను ఈ ఇంటికి రాకముందే విన్నాను మీ నోట."

"అది నేను అల్లింది. దెస్సీ ఆవిడ నోరు మూయించడానికి అల్లాను. కావాలంటే తోయిబాను అడుగు."

"ఇన్నేళ్ళూ ఊరంతా చెప్పినప్పుడు నిజం. నా బిడ్డ మెడ దాకా వచ్చేసరికి అల్లిందయ్యిందా?"

అల్గానెష్ కింద కూర్చుంది. "వాడు పోయిన రోజు కూడా ఆ రాయి భగ్గున మండుతూనే ఉందే. నేనే చేత్తో పట్టుకుని చూశాను. దానికి తెలిసేదైతే ఆ రోజు తెలియదా? వట్టి రాయే అది" అంది.

బిర్కె పూసను తెచ్చి ఆవిడ ముందు నేలమీద పెట్టింది.

"ఆ రోజుకే అది ఆయనది కాదు అత్తయ్యా. బిడ్డకిచ్చేశారు కదా."

అది వట్టి రాయేనని ఒప్పించాలంటే, వాడు ఎందుకు దిగాడో ఆ నిజం కూడా చెప్పాల్సి వస్తుంది, ఏడో పూసది. అది చెబితే ఈ పిల్ల తన ముఖం మళ్ళీ చూడదు. నోరు తెరిచింది, మూసుకుంది. జన్మంతా ఆగకుండా మాట్లాడిన నోరు అది.

ఎనభయ్యోనాడు చర్చిలో అయ్యగారు బిడ్డకు వలెత్త మరియం, అంటే మరియమ్మ కూతురు, అని పేరు పెట్టి, వట్టి నల్లదారం మెడలో కట్టారు. బిర్కె అన్న కింది పల్లం నుంచి కంచరగాడిదను తోలుకుని వచ్చాడు. మూడు రోజులు ఉండి, చెల్లెలినీ బిడ్డనూ ఎక్కించుకున్నాడు. కొన్నాళ్ళు ఉండి వస్తానంది బిర్కె. తన దుప్పట్లన్నీ, బిడ్డను పడుకోబెట్టే తోలు కూడా మూటకట్టింది. అల్గానెష్ బిడ్డ కాలికి వెన్న రాయబోతే బిర్కె ఆ కాలును గుడ్డలోకి లాక్కుంది. దారి మలుపుదాకా తోయిబా కూడా వెళ్ళింది. తల్లీబిడ్డా తిరిగి రాలేదు. మూడు వానాకాలాలు గడిచాయి. పిల్ల నడుస్తోందనీ, ముక్కు నాయనమ్మదేననీ సంతకు వచ్చినవాళ్ళు చెప్పారు.

ఆ ఆఖరి పూసను తదేలెకే ఇచ్చేద్దామని అల్గానెష్ ఒకరోజు చరియ దగ్గరకు దిగింది. ఈ వయసులో తాడు పట్టుకుని దిగింది. జారిన మట్టి మీద గడ్డి మొలిచింది, ఎవరో విదిల్చిన బార్లీ గింజలు నాలుగు వెన్నులు వేశాయి. ఎక్కడో ఒకచోట సందు ఉంటుందని వేళ్ళతో మట్టిని తడుముకుంటూ చివరిదాకా వెళ్ళింది. వెల్లుల్లిరెబ్బ పట్టేంత సందైనా లేదు. పైన పెట్టి వస్తే మేకలు కాలితో తన్నేస్తాయి. మళ్ళీ ముడివేసుకుని ఎక్కి వచ్చింది.

ఇప్పటికీ పూసలు చేస్తుంది. నడికట్టు కథ ఎవరైనా అడిగితే తోయిబాకు తెలుసు, తోయిబాను అడగమంటుంది. పట్నం నుంచి ఆడవాళ్ళు వస్తారు, ఏరుకుంటారు, మెడకు ఆనించుకుని అద్దంలో చూసుకుంటారు. అప్పుడు ఆవిడ వాళ్ళను ఒకటే అడుగుతుంది, తలకు ఏం రాసుకుంటారని. వాళ్ళకు వింతగా ఉంటుంది. నవ్వుతారు. వెన్న అని ఎవరైనా అంటే, ఎంత ఇస్తామన్నా వినకుండా, వాళ్ళ చేతిలోంచి పూసలు వెనక్కి తీసేసుకుని పప్పు కుండలో వేసి మూత పెట్టేస్తుంది.